పదకొండు చిల్లులు

మంగళవారం పొద్దున పదిన్నరకి వెల్డా తన సొంత సామాను గదిలో దొంగగా పట్టుబడింది.

బయట సన్నగా వాన. కోళ్ళకి గింజలు చల్లి వచ్చి, మొగుడి వానకోటు విప్పకుండానే, తలమీది ముసుగైనా తియ్యకుండానే డీప్ ఫ్రీజర్ మీదికి వంగింది. శనివారం పన్నెండు మందికి వండాలి. బీన్స్‌లో వెయ్యాల్సిన పంది కాలి ఎముకలు అడుగున ఎక్కడో ఉన్నాయి. వాటి మీద పోయిన వేసవి మొక్కజొన్నలు, వాటి మీద ఎవరో ఇచ్చిన లేడి మాంసం. ఎవరిచ్చారో గుర్తులేదు గాని, ఇచ్చినవాళ్ళకి మాత్రం తప్పకుండా గుర్తుండే ఉంటుంది. రెండో ఎముక చేతికి తగిలేసరికి వెనక నేల కిర్రుమంది.

"ఎవరు నువ్వు?"

వెల్డా తిరిగి చూసింది. గుమ్మంలో ఆర్లిస్ నిలబడి ఉన్నాడు. కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. నలభై ఆరేళ్ళ కాపురంలో అతను జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడగా ఆమె చూడలేదు. ఆ జేబులో చేతికి చోటుండదు. అందులో ఉండేది ఐదు గుళ్ళ చిన్న రివాల్వరు.

"నేనే" అంది.

అతను కదల్లేదు. కొత్త ఊళ్ళో దారి చూపే బోర్డుని చదివినట్టు ఆమె మొహం చదువుతున్నాడు. ఫ్రీజర్ గుర్రుమంటోంది. ఎముక మీది మంచు కరిగి ఆమె మణికట్టు మీంచి మోచేతి దాకా జారింది. తుడుచుకుందామంటే చెయ్యి ఎత్తాలి. ఎత్తలేదు.

ఆరు ఊపిరులు పట్టింది. తరవాత అతని కళ్ళలోకి మనిషి తిరిగొచ్చాడు.

"ఆ కోటు నాది" అన్నాడు.

"లోపలున్న మనిషి కూడా నీదే" అంది వెల్డా.

అతను పకపకా నవ్వాడు. జేబులోంచి చెయ్యి తీసి, ఆ చేత్తోనే ముక్కు గోక్కుని, కాఫీ ఉందా అని అడుగుతూ వంటింట్లోకి వెళ్ళిపోయాడు. వెల్డా ఫ్రీజర్ మూత వేసి దాని మీద కూర్చుంది. కాసేపటికి గాని తెలియలేదు, గడ్డకట్టిన ఎముకని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుందని.

చర్చి వెనక బెంచీలో నలుగురు మగవాళ్ళు కూర్చుంటారు. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నా వాళ్ళు మూసుకోరు. వాళ్ళని రక్షణ బృందం అంటారు. ఆర్లిస్ దానికి పెద్ద. తలుపు తాళాలు, చేతి రేడియో అతని దగ్గరే ఉంటాయి. ఇదివరకు కెంటకీలో తుపాకీ దాచుకుని తిరగాలంటే రోజంతా క్లాసులో కూర్చుని, కాగితం మీద కాల్చి చూపించి లైసెన్సు తెచ్చుకోవాలి. ఐదేళ్ళ కిందట ప్రభుత్వం అదేం అక్కర్లేదంది. ఇప్పుడు చర్చికి ఇన్సూరెన్సు ఇచ్చే కంపెనీ మాత్రం ఉత్తరం రాసింది: వెనక బెంచీలో కూర్చునే ప్రతివాడూ ఏటేటా మళ్ళీ క్లాసుకి వెళ్ళాలి, ఇరవై ఐదు గుళ్ళలో ఇరవై బొమ్మలో పడాలి, లేకపోతే బెంచీ మారాలి.

ఆ ఉత్తరం వచ్చిన రోజు మగవాళ్ళంతా తిట్టుకున్నారు. వెల్డా మాత్రం ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, నలగకుండా బైబిల్లో పెట్టుకుంది.

*

గురువారం సాయంత్రం హోబర్ట్ వచ్చాడు. పదిహేనేళ్ళ వయసు నుంచీ ఆర్లిస్‌కి స్నేహితుడు. బజార్లో ఇనప సామాన్ల కొట్టు నడిపి, పోయినేడే అమ్మేశాడు. చారెడు మేకులు గుప్పిట్లోకి తీసుకుని, తక్కెడ ముట్టకుండా ఎన్ని ఉన్నాయో చెప్పగలడని పేరు. వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి ఇద్దరూ తుపాకులు తుడుచుకోడానికి కూర్చున్నారు. వెల్డా పొయ్యి దగ్గర నిలబడి, నానబెట్టాల్సిన బీన్స్‌లో రాళ్ళు ఏరుతోంది.

"దేవుడిచ్చిన హక్కుకి పరీక్షేమిటి సిస్టర్?" అన్నాడు హోబర్ట్. "రేపు ప్రార్థన చెయ్యాలన్నా మార్కులు వేస్తారు."

"వేస్తే నీకు సున్నా" అంది వెల్డా. "పోయిన ఆదివారం గురకపెట్టావు."

"కళ్ళు తెరుచుకునే గురకపెట్టాను. డ్యూటీ డ్యూటీయే."

ఆర్లిస్ నవ్వలేదు. గుండ్రటి గుళ్ళ గదిని బయటికి తీసి, సన్న బ్రష్షుతో ఒక్కో చిల్లూ తోముతున్నాడు. "నాకు పరీక్షలంటే భయమా? ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను. ఏటేటా డాక్టరు, ఏటేటా పరీక్ష. కళ్ళు చాలవన్నారు, ఆ మధ్యాహ్నమే తాళాలు బల్ల మీద పెట్టేశాను. నోరెత్తానా?"

"ఎత్తలేదు" అంది వెల్డా. బీన్స్ మీంచి తలెత్తకుండానే అంది. అసలు ఆమె ఆశంతా ఆ బల్ల మీదే ఉంది. తను చెప్తే పెళ్ళాం నస. డాక్టరు చెప్తే కుట్ర. కాగితం చెప్తే మాత్రం ఆర్లిస్ వింటాడు. కాగితానికి మొగుడి మీద ప్రేమా లేదు, కోపమూ లేదు.

మంగళవారం సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరికైనా చెప్తే అది నిజమైపోతుంది. గుళ్ళు తీసి దాచేద్దామా అని ఒకసారి అనుకుంది. రోజూ పొద్దున్నే కాఫీకి ముందు అతను ఆ గుళ్ళ గది తెరిచి, ఐదు ఇత్తడి బిళ్ళల్నీ వేలితో ముట్టి చూసుకుంటాడు. నిన్న రెండుసార్లు చూసుకున్నాడు.

బల్ల దగ్గర మాటలు ఆగాయి. వెల్డా ఓరగా చూసింది. తుడిచిన రివాల్వర్లో ఆర్లిస్ గుళ్ళు పెడుతున్నాడు. మొదటిది దూరింది. రెండోది అంచుకి తగిలి పేపరు మీద దొర్లింది. మళ్ళీ తీశాడు. మళ్ళీ దొర్లింది. మూడోసారి వేలు దాని చుట్టూ తిరిగిందిగాని దాన్ని పట్టుకోలేకపోయింది. హోబర్ట్ చెయ్యి ముందుకు చాచబోయి, ఆపుకుని, తన టోపీ సర్దుకున్నాడు. తలెత్తి వెల్డాని చూశాడు.

ఇద్దరూ ఒకటే చూశారు. ఒక్క మాట అంటే అయిపోయేది. వెల్డా నోరు తెరిచింది కూడా.

"మొక్కజొన్న రొట్టెలో పంచదార వెయ్యకు సిస్టర్" అన్నాడు హోబర్ట్. "పోయినసారి కేకులా ఉంది."

"వెయ్యనులే" అంది వెల్డా.

*

క్లాసు శనివారం, ఊరి బయట పాడుబడ్డ రాతి క్వారీలో, ఇంకో రెండు చర్చిల వాళ్ళతో కలిపి. మూడు వైపులా నిలువు గోడల్లా కోసిన కొండ. నాలుగోవైపు రేకుల షెడ్డు. పొద్దుటి నుంచీ షెడ్డులో పాఠం చెప్పి, పన్నెండు దాటాక అందరికీ బీన్స్, రొట్టె తినిపించి, అప్పుడు కాల్పులు పెట్టింది ట్రూడీ. పద్దెనిమిదేళ్ళు షెరీఫ్ దగ్గర డెప్యూటీగా చేసిన మనిషి. అరవదు. అరవక్కర్లేని గొంతు.

"మా అసిస్టెంటుకి జ్వరం" అంది, గిన్నెలు సర్దుతున్న వెల్డా దగ్గరికి వచ్చి. "ఇక్కడ తుపాకీ ముట్టనిది మీరొక్కరే. కాగితాలు మార్చి, చిల్లులు లెక్కపెట్టి చెప్పగలరా అమ్మా? ముప్ఫై ఏళ్ళు స్కూలు పిల్లల పళ్ళాలు లెక్కపెట్టారుట కదా."

"పళ్ళాలు కదలకుండా ఉండేవి" అంది వెల్డా.

"ఇవీ కదలవు."

కాగితాలు తగిలించే పని ట్రూడీ చూపించింది. చెక్క చట్రానికి మనిషి మొండెమంత బొమ్మ కాగితం, నాలుగు మూలలా పిన్నులు. కొత్త కాగితం అందరికీ చాలదు కాబట్టి, ఒకరు కాల్చాక ఆ చిల్లుల మీద గోధుమరంగు అతుకు బిళ్ళలు అంటించాలి. నాలిక మీద తడి చేసి అంటించడం పాత పద్ధతి. వెల్డా బొటనవేలితో నొక్కుతూ, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఇందులో తప్పితే ఏమవుతుంది?"

"చర్చి బృందంలోంచి తీసేస్తారు. అంతే."

"తుపాకీ?"

ట్రూడీ పిన్నుల పెట్టె మూసింది. "అది ఆయన సొంతం. తప్పిన కాగితం చేత్తో పట్టుకుని, తుపాకీ జేబులో పెట్టుకుని ఇంటికి పోవచ్చు. చట్టం ఏమీ అడగదు."

"అడగాలి కదా."

"అడిగేది ఒకప్పుడు." ట్రూడీ కొండకేసి చూసింది. "మా చెల్లెల్ని ఒకడు వెంటపడి చంపుతానన్నాడు. క్లాసులో సీటు కోసం మూడు వారాలు ఆగమన్నారు. అది ఆగింది. వాడు ఆగలేదు. అందుకని, నేర్చుకోండని కాళ్ళు పట్టుకునైనా చెప్తాను గాని అమ్మా, నేర్చుకునేదాకా చేతులు ముడుచుకోమని మాత్రం చెప్పలేను."

వెల్డా ఇంకో బిళ్ళ నొక్కింది. మంగళవారం సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. అప్పటికే షెడ్డులోంచి మొదటి వంతు వాళ్ళు, తమ చర్చి నలుగురూ, చెవులకి తొడుగులు పెట్టుకుని వస్తున్నారు. ముందు ఆర్లిస్. బూట్లు నిన్న రాత్రే పాలిష్ చేసుకున్నాడు.

ఎడమ చివర ఆర్లిస్, అతని పక్కన హోబర్ట్. ఆ పక్కన అన్నదమ్ములిద్దరు, అద్దె ట్రాక్టర్ల వాళ్ళు. బొమ్మలు ఇరవై అడుగుల దూరంలో, అంటే గుమ్మంలోంచి ఫ్రీజర్‌కి ఉన్నంత. కాదు, దానికి రెండింతలు. వెల్డా షెడ్డు స్తంభానికి ఆనుకుని, తొడుగుల్లోంచి కూడా గుండెలో గుద్దుతున్న శబ్దాన్ని విన్నది. ఆర్లిస్ ఐదు కాల్చి, గుళ్ళ గది తెరిచి, ఖాళీ గొట్టాలు దులిపి, మళ్ళీ ఒకటి, రెండు... అన్నదమ్ములిద్దరూ అయిపోయి నిలబడ్డా అతనింకా పెడుతూనే ఉన్నాడు. కాల్చేముందు ప్రతిసారీ తుపాకీ మొన చిన్న గుండ్రం తిరిగేది, ఈగ వాలడానికి చోటు వెతుకుతున్నట్టు. ఒకసారి పక్క చట్రం కర్ర మీంచి పుల్లలు లేచాయి. ట్రూడీ అతని భుజం వెనకకి వచ్చి నిలబడింది. ఆ తరవాత అక్కణ్ణుంచి కదల్లేదు, అతని చేతి మీంచి కళ్ళు తియ్యలేదు.

హోబర్ట్‌కి మాత్రం ఇంకా పని మిగిలినట్టుంది. ఇరవై ఐదూ ఎప్పుడో అయిపోయినా, ఆర్లిస్ కాల్చినప్పుడల్లా అతనూ కాలుస్తున్నాడు.

"ఆపండి. ఖాళీ చేసి కింద పెట్టండి. వెనక్కి రండి" అంది ట్రూడీ. చెవి తొడుగులు తీశాక క్వారీ నిండా ఒక రకమైన మూగతనం. "అమ్మా, మీరు వెళ్ళి చెప్పండి."

అన్నదమ్ములకి ఇరవై రెండు, ఇరవై. హోబర్ట్‌కి ఇరవై ఐదు, అన్నీ గుప్పెడంత చోటులో. ఆఖర్న ఆర్లిస్ కాగితం.

దగ్గరికెళ్ళింది. బొమ్మ నిండా చిల్లులే. లెక్కపెట్టింది. సరిగ్గా ఇరవై.

అంటే మళ్ళీ ఏడాది దాకా వెనక బెంచీ, మళ్ళీ ఏడాది దాకా తాళాలు. వెల్డా బిళ్ళ తడి చేసి మొదటి చిల్లు మీద అంటించింది. బిళ్ళ చుట్టూ అంచు మిగిలింది. రెండోదాని మీద అంటించింది. మిగల్లేదు. సగం బయటే ఉండిపోయింది చిల్లు.

చెయ్యి ఆగింది. ముప్ఫై ఏళ్ళు వంటశాలలో గింజలు చూసిన కళ్ళు. బఠాణీకి, కాబూలీ శనగకి తేడా చీకట్లో కూడా తెలుస్తుంది. బఠాణీ అంత చిల్లులు ఎక్కడెక్కడో పడ్డాయి: ఒకటి భుజం మీద, ఒకటి చెవి దగ్గర, రెండు పొట్టకింద. శనగంత చిల్లులు ఛాతీ మధ్య ముచ్చటగా వరసలో ఉన్నాయి. పక్క కాగితం మీద హోబర్ట్‌వి అన్నీ శనగంతవే.

తొమ్మిది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. మేకులు తూచిన చెయ్యి.

వెనక్కి తిరిగింది. హోబర్ట్ ఆమెనే చూస్తున్నాడు. చావింటికి వంట పట్టుకొచ్చినవాడు గిన్నె అందుకోమన్నట్టు చూస్తాడే, అలా. అతని పక్కన ఆర్లిస్ బూటు ముందున్న కంకరని చూస్తున్నాడు.

"ఎంతమ్మా?" అంది ట్రూడీ.

కాగితం చెప్తుందనుకుంది వెల్డా. ఇన్ని రోజులూ అదే అనుకుంది. కాగితాలకి నోరుండదన్నది ఇప్పుడు తెలిసింది.

"పదకొండు."

"మళ్ళీ లెక్కపెట్టు సిస్టర్" అన్నాడు హోబర్ట్ మెల్లగా. "అద్దాలు తెచ్చుకోలేదేమో."

"పదకొండు. మిగతా తొమ్మిదీ నీవి హోబర్ట్. కావాలంటే తీసుకుపో."

అన్నదమ్ముల్లో చిన్నవాడు నవ్వబోయి మానేశాడు. ట్రూడీ వచ్చి చూసింది. ఒక శనగ చిల్లులో వేలు పెట్టి చూసి, జేబులోంచి కలం తీసి, ఆర్లిస్ పేరు ఎదుట ఏదో రాసింది. హోబర్ట్ మొహం ఎర్రబడింది. "నలభై ఆరేళ్ళు కాపురం చేసి..." అన్నాడు, మిగతాది మింగేశాడు.

ఇంటికి ట్రక్కు వెల్డాయే నడిపింది. వంతెన దాటాక ఆర్లిస్ ఆమెకేసి తిరిగాడు.

"పదకొండా?"

"పదకొండు."

"నాకూ అంతే అనిపించింది" అన్నాడు.

ఇంటికి రాగానే చర్చి తాళాలు, రేడియో తీసి వంటింటి బల్ల మీద పెట్టాడు. పక్కపక్కనే, చక్కగా సర్ది పెట్టాడు. తరవాత టోపీ తీసి వంకీకి తగిలించి, మిగిలిన బీన్స్ ఉన్నాయా అని అడిగాడు. వెల్డా పొయ్యి వెలిగిస్తూ, అతనికి వీపు చూపించి, కళ్ళు తుడుచుకుంది. ఆ రాత్రి వారం రోజుల నిద్రా ఒక్కసారే పట్టింది.

*

ఆదివారం తొమ్మిదేళ్ళ తరవాత మొదటిసారి భార్యాభర్తలు చర్చిలో పక్కపక్కన కూర్చున్నారు. మూడో బెంచీ. వెల్డా గోడవైపు, ఆమెకి కుడిపక్కన, నడవ అంచున ఆర్లిస్. వాళ్ళ వెనకే నాలుగో బెంచీలోని ఓనా అనే ఆవిడ ముందుకి వంగి, "మొత్తానికి ఆయన్ని సంపాదించుకున్నావు!" అని వెల్డా భుజం గిల్లింది. ఓనాకి క్వారీ సంగతి నిన్న సాయంత్రం ఆరింటికే తెలుసు. ఇంకో గంటకి ఆవిడ వల్ల మిగతావాళ్ళకీ తెలిసింది.

ఆర్లిస్ సర్దుకుని కూర్చున్నాడు. బెంచీ చెక్క టక్కుమంది.

తాళాలు కావు. తాళాలు పొద్దున రాగానే పాస్టరుకి ఇచ్చేశాడు.

"ఆర్లిస్" అంది, పాటల పుస్తకంలోకి చూస్తూ. "అదెందుకు తెచ్చావు?"

"ఏది?"

"జేబులోది."

అతను ఆమెకేసి చూశాడు. అంత మెత్తగా అతను చూసి చాలాకాలమైంది. "ఇదివరకు వెనకాల నేనుండేవాణ్ణి. ఇప్పుడు లేను కదే. మరి నిన్నెవరు చూసుకుంటారు?"

వెల్డా పాటల పుస్తకం మూసింది.

పియానో మొదలైంది. అంతలో వెనక పెద్ద తలుపు ఒకటి దబ్బున మూసుకుంది. అందరూ తలతిప్పినట్టే ఆర్లిస్ కూడా తిప్పాడు. తల ఒక్కటే కాదు, కుడి భుజం కూడా తిరిగింది. మోచెయ్యి వెనక్కి వెళ్ళింది. వేళ్ళు జేబు అంచు మీద పడ్డాయి.

"ఎవరతను?" అన్నాడు.

వెల్డా చూసింది. బూడిదరంగు కోటు, చేతిలో తాళాలగుత్తి, చంకలో టోపీ. కొత్తగా వచ్చిన బాధ్యతతో తలుపు సరిగ్గా పడిందో లేదో లాగి చూసుకుంటున్నాడు.

"హోబర్ట్" అంది.

"ఏ హోబర్ట్?"

ఒకటి. రెండు. మూడో ఊపిరి దాకా వెల్డా ఆగలేదు. లేచి, అతని మోకాళ్ళని రాసుకుంటూ నడవలోకి వచ్చి, "జరుగు, గోడ దగ్గర చలిగా ఉంది" అని, అతన్ని లోపలికి నెట్టి కుడిపక్కన కూర్చుంది. జేబు అంచు మీదున్న చేతిని తీసి తన రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. ఆ చెయ్యి కాసేపు గింజుకుంది, గంప కింద కోడిలా. తరవాత ఊరుకుంది.

వెనక ఓనా ఎవరితోనో గుసగుసలాడింది. "చూడవే, నలభై ఆరేళ్ళయినా! మా ఆయనా ఉన్నాడు, రిమోట్ తప్ప ఇంకేదీ పట్టుకోడు."

పాట అయింది. ప్రతి ఆదివారంలాగే పాస్టరు చేతులు చాచి, "లేవండి, పక్కవాళ్ళతో చేతులు కలపండి" అన్నాడు. బెంచీలన్నీ ఖాళీ అయ్యాయి. నడవ నిండా మనుషులు, నవ్వులు, చాచిన చేతులు. ఆర్లిస్ లేచి నిలబడ్డాడు. అతనితోపాటు వెల్డా, ఒకే కాడికి కట్టిన ఎడ్లలా. ఎవరు చెయ్యి చాచినా తన ఎడమచెయ్యి ఒకటే విడిపించి ఇచ్చింది. కుడిచేత్తో అతని వేళ్ళని గట్టిగా పట్టుకునే ఉంది. జనం ముసిముసిగా నవ్వుకుంటూ తప్పుకున్నారు.

ఆ గుంపులోంచి హోబర్ట్ వస్తున్నాడు. నిన్నటి మాట దిగమింగుకుని వస్తున్నాడని నడకలోనే తెలుస్తోంది. దూరం నుంచే కుడిచెయ్యి ముందుకి చాచాడు.

"బ్రదర్ ఆర్లిస్!"

ఆమె గుప్పిట్లో చెయ్యి కదిలింది. ఒక్కసారిగా, బలంగా. పలకరించడానికో, జేబులోకో. వెల్డా అతని మొహంలోకి చూసింది. అది మళ్ళీ కొత్త ఊళ్ళో బోర్డు చదువుతోంది.

"చెయ్యి వదులు" అన్నాడు ఆర్లిస్, మెల్లగా.

ఆమె వదల్లేదు. రెండో చెయ్యి కూడా వేసింది.

హోబర్ట్ చెయ్యి గాలిలో ఉండిపోయింది. ముందు అతను నొచ్చుకున్నాడు. తరవాత ఆమె వేళ్ళ కణుపులు తెల్లబడి ఉండడం చూశాడు. అక్కణ్ణుంచి కళ్ళు కిందికి, ప్యాంటు జేబు మీదికి వెళ్ళాయి. ఎంత బరువుందో గుప్పిట్లోకి తీసుకోకుండానే చెప్పగల మనిషి.

మొహంలో నెత్తురు దిగిపోయింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇంకో అడుగు దగ్గరికి వచ్చి, ఆ చేతిని వెల్డా చేతుల మీద వేసి నొక్కి పట్టుకున్నాడు. అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది.

"అయ్యో, చూడండర్రా ఆ ముగ్గురినీ!" అంది వెనక ఓనా, కళ్ళు ఒత్తుకుంటూ.

పియానో ఆగింది. ఒక్కొక్కరే వాళ్ళ బెంచీల్లోకి వెళ్ళి కూర్చుంటున్నారు. హోబర్ట్ మాత్రం వెనక్కి వెళ్ళలేదు. పాస్టరు బల్ల దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు తుడుచుకుని, ప్రార్థన చేద్దాం, అందరూ కళ్ళు మూసుకోండి అన్నాడు.

ముందు బెంచీల్లో అందరూ మూసుకున్నారు, ముగ్గురు తప్ప.